కార్డులో లేని వాక్యం చదివిన పోలరాజు గారు

పంతొమ్మిది వందల తొంభయ్యో సంవత్సరం జూన్ పదకొండో తేదీ, సోమవారం ఉదయం తొమ్మిదిన్నర గంటలకు, ఏలూరు రోడ్డులోని మన ప్రచురణ సంస్థ నిఘంటు విభాగంలో శ్రీ ఒడుగు పోలరాజు గారు కాపీ హోల్డరుగా ఉద్యోగ బాధ్యతలు స్వీకరించారు. పంతొమ్మిది సంవత్సరాల ఒక నెల ఇరవై రోజుల సేవానంతరం, ఈ జూలై ముప్పై ఒకటిన, అదే విభాగంలో పదచరిత్ర సంపాదకులుగా పదవీ విరమణ చేస్తున్నారు. ఆ హోదాకూ ఈ హోదాకూ నడుమ ఉన్న దూరం ఎంతటిదో, దాన్ని ఆయన ఎట్లా నడిచారో మన సంస్థలో కొత్తగా చేరినవారికి తెలియదు. ఆయన కుటుంబసభ్యులకు సైతం పూర్తిగా తెలియదు. ఆ పంతొమ్మిదేళ్లూ ఆయన ఎదుటి కుర్చీలో కూర్చున్న ప్రూఫ్ రీడరు హైమవతి మన వీడ్కోలు సంచిక కోసం ఈ వ్యాసం రాస్తున్నది. తన ప్రసక్తి వచ్చిన చోట 'ఆమె' అనే రాసుకుంటుంది. అట్లా రాస్తేనే ఆమెకు నిజం చెప్పడం కాస్త తేలిక.

పోలరాజు గారి జన్మస్థలం బందరు పక్కన గిలకలదిండి. తండ్రిగారు తెరచాప పడవల కాలపు జాలరి. సముద్రం మీదికి పోయే వయసు వచ్చేసరికి కొడుకు అక్షరాల మీదికి పోయాడని ఆ తండ్రికి కొంత విచారం, చాలా గర్వం ఉండేవట. పదో తరగతి ముగించి, బందరులో ఒక ఐసు ఫ్యాక్టరీలో గుమాస్తాగా ఇరవై మూడేళ్లు పనిచేశారు. చేపలు చుట్టేందుకు చిత్తు కాగితాల కొట్టు నుంచి మూటలు మూటలుగా వచ్చే పాత పుస్తకాల పుటలే ఆయన విశ్వవిద్యాలయం. ఇంగ్లీషు కాగితం కనబడితే చదవందే దానిలో చేపను చుట్టనిచ్చేవారు కాదు. ఆయన శ్రీమతి గంగాదేవి గారు హైమవతితో ఒకసారి అన్న మాట ఇది: "ఈయనకి చేప చుట్టిన కాయితం చేతికిస్తే చేపని మర్చిపోతాడమ్మా. కాయితం ఉతికి దండెం మీద ఆరేసిన మనిషిని మీరెక్కడన్నా చూశారా?"

చూడలేదు. అటువంటి మనిషి కోసమే మన ప్రధాన సంపాదకులు వెంకటకృష్ణారావు గారు వెతుకుతున్నారని చెప్పడం మాత్రం అతిశయోక్తి అవుతుంది. ఆయన వెతికింది కంచుకంఠం కోసం. కాపీ హోల్డరు అంటే ఏమిటో ఈ కంప్యూటర్ల కాలంలో వివరించక తప్పదు. సంపాదకులు చేత్తో రాసిన కార్డును, అంటే కాపీని, కాపీ హోల్డరు గట్టిగా చదువుతాడు. ఎదురుగా కూర్చున్న ప్రూఫ్ రీడరు అచ్చయిన కాగితాన్ని దానితో సరిచూసుకుంటుంది. చదివేవాడు కామాను కామా అని, పుల్‌స్టాప్‌ను పుల్‌స్టాప్ అని పైకి అనాలి. కార్డులో తప్పుంటే తప్పే చదవాలి. సొంత తెలివి ఒక్క రవ్వ కూడా కలపకూడదు. ఫ్యాను లేని మే నెల మధ్యాహ్నాల్లో, కింద అచ్చుయంత్రం దడదడలాడుతుంటే, పోలరాజు గారి గొంతు ఆ చప్పుడు మీదుగా ఎంత నింపాదిగా సాగేదో తలుచుకుంటే ఇప్పటికీ మనసు చల్లబడుతుంది. అలవాటు ఇంటిదాకా పాకింది. బంధువుల పెళ్లి శుభలేఖను పదిమందిలో "శ్రీరస్తు కామా శుభమస్తు పుల్‌స్టాప్" అని చదివి, ఆడపెళ్లివారిని తెల్లబోయేట్టు చేసిన ఘనత ఆయనది.

వెంకటకృష్ణారావు గారు తయారుచేస్తున్నది ప్రతి ఇంగ్లీషు మాటకూ అర్థంతో పాటు పుట్టుకను కూడా చెప్పే నిఘంటువు. ఆయన స్వభావం నిప్పు. ప్రతి కార్డుకూ అడుగున 'చూసినవారు' అని ఒక గడి ఉండేది. మాట పుట్టుకకు ఆధారాన్ని అచ్చులో కళ్లారా చూసినవారి పేరు అందులో రాయాలి. విన్నాం, గుర్తుంది, ఎవరో చెప్పారు అనే మాటలకు ఆ గడిలో చోటు లేదు. "చూపించలేనిది లేనట్టే" అనేవారు. ఆ గడిలో సంపాదకవర్గం వారి పేర్లే తప్ప కాపీ హోల్డరు పేరు ఉండటమన్నది ఎవరి ఊహలోనూ లేదు.

మన వైపు కొత్త మనిషి ఎదురైతే ముందు అడిగే ప్రశ్న ఒకటే కదా, ఎవరి తాలూకు అని. పోలరాజు గారు ఆ ప్రశ్నను మాటలను అడిగేవారు. టీ తాగే విరామంలో, బెంజ్ సర్కిల్ వైపు లేస్తున్న కొత్త అపార్టుమెంట్ల మీదుగా చూస్తూ, "ఈ ఎయిర్‌పోర్టు అనే మాట ఓడల తాలూకండీ, గాల్లోకి వలస పోయింది" అనేవారు. హైమవతి నవ్వేది. అది వేళాకోళం నవ్వని ఆయనకు తెలుసు. తెలిసీ మర్నాడు ఇంకో మాటను పట్టుకొచ్చేవారు.

ఇక ఏ సంఘటన చెప్పకుండా ఈ వ్యాసం ముగిస్తే అది పొగడ్త మాత్రమే అవుతుందో, దాని దగ్గరికి రావాలి.

తొంభై నాలుగు ఫిబ్రవరిలో 'ఎస్' అక్షరం ప్రూఫులు నడుస్తున్నాయి. స్కైస్క్రేపర్ అనే మాట వచ్చింది. ఆకాశహర్మ్యం అని అర్థం. పుట్టుక దగ్గర వెంకటకృష్ణారావు గారు కార్డు మీద రాసింది ఇది: స్కై అంటే ఆకాశం, స్క్రేప్ అంటే గీకడం, అమెరికాలో ఎత్తయిన కట్టడాలు లేచినప్పుడు వాటి కోసమే పుట్టిన సమాసం. పోలరాజు గారు అంతవరకూ చదివి, అదే గొంతుతో, అదే నింపాదితో, ఆపకుండా ఇంకొక వాక్యం చదివారు: "అంతకు నూరేళ్ల ముందే కామా ఓడ కొయ్య చిట్టచివర కట్టే చిన్న తెరచాపకు ఇది పేరు పుల్‌స్టాప్."

ఆ వాక్యం కార్డులో లేదు.

అచ్చు కాగితంలోనూ లేదు కనుక, అక్షరాలు కూర్చే కంపోజిటరు వదిలేశాడనుకుని హైమవతి దాన్ని అంచున రాసి చేర్చింది. ఒక పంక్తి కంటే ఎక్కువ తప్పిపోయినప్పుడు ప్రూఫ్ రీడరు కార్డును చేతిలోకి తీసుకుని స్వయంగా చూసి తీరాలన్నది నియమం. నాలుగేళ్లుగా ఒక్క అక్షరం పొల్లుపోని గొంతు అది. ఆమె కార్డు అడగలేదు. చూసినట్టు సంతకం పెట్టింది. ఉగాదికి మూడు వేల ప్రతులు అచ్చయి వచ్చాయి.

మొదటి ప్రతిని వెంకటకృష్ణారావు గారు ఉయ్యూరు బస్సులో ఇంటికి పోతూ చదువుకున్నారు. మర్నాడు ఉదయం చెప్పులు కూడా విప్పకుండా మన గదిలోకి వచ్చారు.

"ఇది నా వాక్యం కాదు. ఎవరిదిది?"

పోలరాజు గారు లేచి నిలబడ్డారు. "నాదేనండి అయ్యగారూ."

"కాపీలో లేనిది ఎందుకు చదివావయ్యా?"

"కావాలని కాదండి. ఆ మాట చదువుతుంటే మా నాన్న పడవ కళ్ల ముందుకొచ్చిందండి. నోరు నా మాట వినలేదు. కానీ అబద్ధం కాదండి అది. ఐసు ఫ్యాక్టరీలో చేపలు చుట్టే కాయితంలో చదివానండి. ఓడ సామాన్ల పేర్ల పుస్తకం. పాత రేవు ఆఫీసుదో ఏమో."

"ఏదీ ఆ కాగితం?"

అది ఆయన దగ్గర లేదు. మన దగ్గరున్న రెండు పెద్ద ఇంగ్లీషు నిఘంటువులూ తెచ్చి చూశారు; రెండూ కట్టడం దగ్గరే ఆగిపోయాయి. అప్పుడు పెద్దాయన హైమవతి వైపు తిరిగారు. "నువ్వు కార్డు చూశావా అమ్మాయ్?"

ఆమె నోరు తెరిచేలోగా పోలరాజు గారు అందుకున్నారు. "అమ్మగారు అడిగారండి. నేనే కార్డు ఇవ్వకుండా, ఉందండీ రాసుకోండీ అన్నాను. తప్పు నాదేనండి."

ఆ మాట అబద్ధం. భర్త పోయిన ఏడాదికి చేరి, ఉద్యోగం ఖాయమవుతుందో లేదోనని ఎదురుచూస్తున్న మనిషిని కాపాడటానికి, మాటల విషయంలో వెంట్రుకవాసి అసత్యాన్ని భరించలేని మనిషి చెప్పిన అబద్ధం. హైమవతి తల దించుకుంది. నోరు విప్పలేదు. ఈ సంగతి ఈ సంచిక చదివేవారిలో చాలామందికి ఇప్పుడే తెలుస్తున్నది.

నెల రోజులు గడువు ఇచ్చారు. ఆధారం చూపిస్తే వాక్యం ఉంటుంది. లేకపోతే తప్పొప్పుల చీటీ అతికించి, పోలరాజు గారికి మెమో ఇస్తారు. ఆ నెలలో వచ్చిన ప్రతి ఆదివారమూ ఆయన మొదటి బస్సుకు బందరు పోయి, తన పాత స్నేహితుడు లాజరు చిత్తు కాగితాల కొట్టులో గుట్టలు తిరగేశారు. ఒక ఆదివారం హైమవతి కూడా వెంట వెళ్లింది. అపరాధభావం మనిషిని బస్సు ఎక్కిస్తుంది గానీ నోరు విప్పనివ్వదు. లాజరు నెత్తి కొట్టుకున్నాడు. "నీ పిచ్చి గానీ పోలరాజూ, ఆ పుస్తకం ఎప్పుడో పులసల ఒంటికి చుట్టి పంపించేశాం గదరా! ఏ ఊళ్లో ఏ పొయ్యిలోకి పోయిందో ఏం చెప్పను?" దుమ్ముకు దగ్గుతూనే పోలరాజు గారు మరో మూట విప్పారు. దొరకలేదు.

మెమో వచ్చింది. సంతకం పెట్టి తీసుకున్నారు. తరువాత మూడు వేల ప్రతులకూ చీటీలు అతికించే పని పడింది. ఈ వాక్యం నిరాధారం, తొలగించి చదువుకోవలెను అన్నది ఆ చీటీ. బైండింగు గదిలో మైదాపిండి జిగురు గిన్నె ముందు పెట్టుకుని, తన మాటను కాదన్న చీటీని పోలరాజు గారు తన చేతులతోనే, వంకర పోకుండా, మూల లేవకుండా, పన్నెండు రోజులు అతికించారు. "ఇవి బైండరు అతికిస్తాడు గదండీ, మీరెందుకు?" అని హైమవతి అడిగితే, "పెద్దాయన చెప్పింది న్యాయమేనండి. చూపించలేకపోయాను గదా" అన్నారు. ఆ గదిలో ఆ మాట విని నిలబడటం కష్టమైంది ఆమెకు. ఆ మాటలో నిష్ఠురం ఉన్నా కొంత బాగుండేది.

తరువాతి సంవత్సరాలు ఉద్యోగ జీవితంలో అందరికీ ఉండేవే. తొంభై ఏడులో సీసపు అక్షరాలు పోయి కంప్యూటర్లు వచ్చాయి. కింది గది నిశ్శబ్దమైపోయింది. తొంభై తొమ్మిదిలో వెంకటకృష్ణారావు గారు విరమణ చేసి ఉయ్యూరు ఇంటిపట్టునే ఉండిపోయారు. పోలరాజు గారు కాపీ హోల్డరుగానే ఉన్నారు. ఆయన కంటే వెనక చేరినవారు ముందుకు పోయారు. మెమో ఉన్నవారికి పదోన్నతి రాదు. ఆయన గొంతులో తేడా ఏమీ రాలేదు గానీ, ఒక్కటి మారింది: టీ విరామంలో మాటల తాలూకు చెప్పడం మానేశారు. హైమవతి ఎంత కదిలించినా, "మనకెందుకులెండి, కార్డులో ఉన్నది చాలు" అనేవారు. ఆమెకు ఆ కబుర్లు లేని టీ ఎప్పుడూ రుచించలేదు.

రెండు వేల రెండు ఆగస్టులో మేనేజరు గారి గదిలో ఇంటర్నెట్టు పెట్టారు. అందరూ పిల్లల పరీక్షా ఫలితాలు వెతుక్కుంటుంటే, హైమవతి తన వంతు రాగానే ఒక్క మాట కొట్టింది. పది నిమిషాల్లో తెరచాప కనబడింది. పద్దెనిమిదో శతాబ్దపు చివరలో ఓడ మీద అన్నిటికంటే ఎత్తున కట్టిన చిన్న చాపకు ఆ పేరుండేది. తరువాత పొడుగాటి గుర్రానికీ, పొడుగాటి టోపీకీ, పొడుగాటి మనిషికీ వాడారు. అవన్నీ దాటాకే, ఇంకో నూరేళ్లకు, అమెరికా మేడలకు వచ్చింది. పైగా, స్కై అన్న మాట ఉత్తర ఐరోపా పాత భాష నుంచి వచ్చిందనీ, అక్కడ దానికి అర్థం మేఘమనీ కూడా ఉంది. పోలరాజు గారి ఆ ఒక్క వాక్యం ఎంత నిజమో ఆ తెర మీద చూసి ఆమె మేనేజరు గారి గదిలోనే కళ్లు తుడుచుకుంది. తెర మీద చూసింది ఆధారం కాదని పెద్దాయన అంటారని తెలుసు. అందుకని అందులో పేర్కొన్న పాత నౌకా పదకోశం పేరు రాసుకుని, చెన్నైలోని ఒక పెద్ద గ్రంథాలయానికి ఉత్తరం రాసింది. జనవరిలో ఫోటోకాపీ వచ్చింది.

పోలరాజు గారు దాన్ని రెండుసార్లు చదువుకుని, మడిచి ఆమెకే ఇచ్చేశారు. "మీరు చూశారు. అది చాలండి. పెద్దాయన్ని ఈ వయసులో ఇబ్బంది పెట్టడం దేనికి?"

ఆమె వినలేదు. ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఉదయం ఇద్దరూ ఉయ్యూరు వెళ్లారు. చెరకు ఆడే రోజులు. ఊరంతా బెల్లపు పాకం వాసన. వెంకటకృష్ణారావు గారు వరండాలో పడక కుర్చీలో ఉన్నారు. నీటికాసుల జబ్బుతో ఆయన రెండు కళ్ల చూపూ పోయిందని గుమ్మం దగ్గర వారి కోడలు చెప్పేదాకా మన ఆఫీసులో ఎవరికీ తెలియదు.

హైమవతి వచ్చిన పని చెప్పి ఫోటోకాపీ ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని వేళ్లతో తడిమి చూశారు. "కాగితమని తెలుస్తోంది. ఏముందో తెలియడం లేదమ్మా."

"నేను చదువుతానండీ."

"నీది చూసే పని. చదివేవాడు వాడు. పోలరాజూ, చదువు."

పోలరాజు గారు ఒక అడుగు వెనక్కి వేశారు. "వద్దండి అయ్యగారూ. నేను చదివితే మీకేం రుజువండి? ఉన్నది చదివానో లేనిది చదివానో మీకెట్టా తెలుస్తదండి? అమ్మగారే చదువుతారు."

పెద్దాయన కాగితం ఆయన వైపు చాచారు. "లేనిది చదివావు ఒకసారి. ఉన్నది వేలసార్లు చదివావు. నాకిప్పుడు చూసే కళ్లు లేవయ్యా. నీ నోరే ఉంది. కానివ్వు."

పోలరాజు గారు నిలబడే చదివారు. కామాను కామా అన్నారు, పుల్‌స్టాప్‌ను పుల్‌స్టాప్ అన్నారు. మూడు కోణాల చిన్న చాప, కొయ్య కొసన, గాలి పల్చగా ఉన్నప్పుడు కడతారు. అక్కడితో ఆగిపోతే ఆయన గెలిచినట్టే. కానీ పుటలో కింద ఇంకో వాక్యం ఉంది. ఈ చాపను నిజంగా కట్టిన ఓడలు అరుదనీ, నావికుల కబుర్లలో వినబడినంతగా సముద్రం మీద కనబడదనీ. తన మాట విలువను సగానికి తగ్గించే ఆ వాక్యాన్ని కూడా, అదే గొంతుతో, చివరి పుల్‌స్టాప్ దాకా చదివారు.



"ఆ ఆఖరి ముక్క మింగేసినా నాకు తెలిసేది కాదు గదయ్యా" అన్నారు వెంకటకృష్ణారావు గారు.

"కాపీలో ఉందండి" అన్నారు పోలరాజు గారు.

అప్పుడు హైమవతికి ధైర్యం వచ్చింది. ఆ రోజు తాను కార్డు అడగలేదని, చూడకుండా సంతకం పెట్టిందని, ఆయన తన కోసం అబద్ధమాడారని, తొమ్మిదేళ్లుగా తాను నోరు మూసుకుని ఉద్యోగం చేసుకుందని చెప్పేసింది. పెద్దాయన విని, "అయితే ఆ మెమో ఇద్దరికీ ఇవ్వాల్సింది" అన్నారు. ఆయన కోప్పడలేదు, ఓదార్చనూ లేదు. ఆమెకు కావలసింది కూడా అంతే. తరువాత యాజమాన్యానికి ఉత్తరం చెప్పి రాయించారు: కాపీలో లేనిది చదివినవాడు కాపీ హోల్డరుగా పనికిరాడు కనుక పోలరాజును ఆ పని నుంచి తప్పించాలి; తనకు ఎదురుతిరిగే వాక్యాన్ని చదివినవాడు కనుక పుట్టుకలు రాసే బల్ల దగ్గర కూర్చోబెట్టాలి. కింద సంతకం పెట్టడానికి హైమవతి ఆయన చెయ్యి పట్టుకుని చోటు చూపించింది.

ఆ ఏడాది ఏప్రిల్ నుంచి పోలరాజు గారు పదచరిత్ర సంపాదకులు. రెండు వేల అయిదులో వచ్చిన మలి ముద్రణలో నాలుగు వేల పైచిలుకు పుట్టుకలు ఆయన కార్డులే. అందులో స్కైస్క్రేపర్ దగ్గర చిన్న తెరచాప ఉంది. అటువంటి చాపలు అరుదన్న మాటా ఉంది. ఆ కార్డు అడుగున 'చూసినవారు' గడిలో పేరు: ఒ. పోలరాజు. ఆ ముద్రణ తొలి ప్రతిని ఉయ్యూరు తీసుకుపోయి ఆయనే చదివి వినిపించారు. మరుసటి సంవత్సరం వెంకటకృష్ణారావు గారు కీర్తిశేషులయ్యారు. టీ విరామంలో మాటల తాలూకు కబుర్లు మళ్లీ మొదలై చాలా కాలమైంది. ఇప్పుడు హైమవతి నవ్వదు, రాసుకుంటుంది.

పంతొమ్మిదేళ్ల సర్వీసు ఫైలులో పోలరాజు గారికి ఉన్నది ఒకే ఒక మెమో. దాన్ని తీసివేయమని యాజమాన్యాన్ని అడిగితే, జరిగినదాన్ని జరగలేదనిపించడం తనకిష్టం లేదని ఆయనే వద్దన్నారు. అందుకని గత వారం, మేనేజరు గారి అనుమతితో, ఆ కాగితం మీద ఆయన పేరు పక్కన హైమవతి తన పేరు కూడా స్వహస్తంతో రాసి, తేదీ వేసి, సంతకం పెట్టింది. ఈసారి చూసే పెట్టింది. "ఇప్పుడెందుకండీ అమ్మగారూ ఇదంతా" అన్నారాయన. అని, ఆ కాగితాన్ని చాలాసేపు చేతిలోనే ఉంచుకున్నారు.

శ్రీ పోలరాజు గారు సహధర్మచారిణి గంగాదేవి గారితో కలిసి గిలకలదిండి సముద్రపు గాలిలో, చెక్కుచెదరని ఆరోగ్యంతో, సన్నగిల్లని కంటిచూపుతో, ఆ కంచుకంఠంతో, చేతినిండా చదువుకునే కాగితాలతో నిండు నూరేళ్లు వర్ధిల్లాలని, తన తప్పును ఆయన చేత తొమ్మిదేళ్లు మోయించిన సహోద్యోగిని మనసారా కోరుకుంటున్నది.